ఏడో నిమిషంలో నవ్వు

ఒక మనిషి తన ఊళ్ళో తాను ఉండగలుగుతుందా లేదా అన్నది నేను కూర్చిన ఇరవై రెండు నిమిషాల సినిమా మీద ఆధారపడిన రోజులు నా జీవితంలో కొన్ని ఉన్నాయి. అప్పటికి నేను ఏలూరులో ఒక కాలేజీలో మాస్ కమ్యూనికేషన్ చదువుతున్నాను. రోజూ తాడేపల్లిగూడెం నుంచి ప్యాసింజర్ రైల్లో వెళ్ళి వచ్చేదాన్ని. ఆ మనిషి కొల్లేటి లంకల్లో చేపల చెరువుల మీద కూలికి వెళ్ళే ఆవిడ. ఆవిడ ఊరు కొల్లేటికోట దాటాక వస్తుంది. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ ఊరి పేరు రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. భయాలు పాతబడతాయంటారు. ఇది పాతబడలేదు.

చదువు చివర్లో తలా ఒక చిన్న సినిమా తీయాలి. మా నాన్నగారు బడిపంతులు. ఆయన స్నేహితులొకరు ఆ లంకలో మాస్టారుగా ఉండేవారు కాబట్టి వారి మాటసాయంతో నేను అక్కడికి వెళ్ళాను. కొల్లేట్లో చేపల చెరువుల గట్లను ప్రభుత్వం యంత్రాలు పెట్టి కొట్టేసి ఏడాది దాటింది. ఆ తర్వాత అక్కడి జనం ఎలా బతుకుతున్నారో తీద్దామని నా ఉద్దేశం. ఊరి పెద్దలు ఒకే ఒక షరతు పెట్టారు. సినిమా కాలేజీలో చూపించే ముందు ఊళ్ళో చూపించాలి. అలాగేనండి అన్నాను. అప్పట్లో నేను దేనికైనా అలాగేనండి అనేదాన్ని.

నేను తీసింది ఆవిడ ఒక్కదాని గురించే. నలభై ఏళ్ళుంటాయి. భర్త పోయాడు, పిల్లలు లేరు. కెమెరా చూస్తే అందరూ బిగుసుకుపోతారు కదా, ఆవిడ మాత్రం పక్కింటి వాళ్ళతో మాట్లాడినట్టే మాట్లాడేది. నేను ఆవిడను పిన్నీ అనేదాన్ని. ఆవిడ నన్ను పాపగారూ అనేది. తొమ్మిది రోజులు ఆవిడ వెంట తిరిగాను. ఆవిడ వండిన కొర్రమీను పులుసు తిన్నాను. ఆ తొమ్మిది రోజుల్లో నాకు ఏ భయమూ లేదు.

భయం ఎడిటింగ్ గదిలో మొదలైంది. కాలేజీలో మా మాస్టారికి ఒక పద్ధతి ఉండేది. దృశ్యాలన్నీ వరసగా అతికించిన మొదటి కూర్పును రఫ్ కట్ అంటాం. దాన్ని ఆయన చూసేవారు కాదు. ముందు మూడు రకాల మనుషులకు చూపించి రమ్మనేవారు. సినిమా తెలిసినవాళ్ళకు, తెలియనివాళ్ళకు, సినిమాలో ఉన్నవాళ్ళకు. చూశాక అందరికీ తలా ఒక చీటీ ఇచ్చి, పేరు లేకుండా అభిప్రాయం రాయించుకోవాలి. తీసినవాళ్ళు నోరు విప్పకూడదు. అంతకంటే కష్టమైంది ఇంకొకటి ఉంది. తెర పక్కన, జనం వైపు తిరిగి కూర్చోవాలి.

"తెర మీద ఏముందో మీకు తెలుసు. తెలియనిది వాళ్ళ మొహాల మీద ఉంటుంది," అనేవారు. "చీటీలను మాత్రం పూర్తిగా నమ్మకండి. ఉప్పు లేని పప్పు పెట్టినా బాగుందండీ అని తిని లేచే మనుషులం మనం. ఎక్కడ కదిలారో, ఎక్కడ దగ్గారో, ఎక్కడ చూపు తిప్పుకున్నారో నిమిషం వేసి రాసుకోండి."

మొదటిసారి మా క్లాసుకే చూపించాను. నిజం చెప్పాలంటే, తెర పక్కన జనానికి ఎదురుగా కూర్చోవడమంటే పెళ్ళిచూపుల్లో కూర్చోవడమే. మూడో నిమిషంలో ఒకడు గడియారం చూసుకున్నాడు. నాలుగో నిమిషంలో ఇద్దరు గుసగుసలాడుకున్నారు. అక్కడ దోనె మీద పోతున్న పొడవాటి దృశ్యం ఉంది, దాని వెనక నేను రాసి నేనే చదివిన కవిత్వం ఉంది. ఒక చీటీలో ఇలా రాశారు: "వెనక మాట్లాడేది ఎవరండీ? ఆవిడ మాటలకు అడ్డం వస్తున్నారు." రెండు రోజులు ఆ చీటీ రాసినవాళ్ళ మీద మండిపడ్డాను. మూడో రోజు నా గొంతంతా తీసేశాను. దోనె దృశ్యాన్ని ఇరవై సెకన్లకు కోసేసి, మిగిలిన చోట ఆవిడ మాటలే పెట్టాను. సినిమా తేలికైంది, ఒప్పుకోక తప్పదు.

కాని ఏడో నిమిషంలో క్లాసంతా నవ్వింది. అక్కడ ఆవిడ చెరువు గట్టు మీద తట్ట చంకన పెట్టుకుని నిలబడి ఉంటుంది. "ఈ గట్టు మేమే వేసుకున్నామండి. ఇంటికొక మనిషి చొప్పున వారం రోజులు. మా ఇంట్లో మనిషిని నేనే కదండీ, నేనే వెళ్ళాను. మగాళ్ళకంటే రెండు తట్టలు ఎక్కువే మోశాను పాపగారూ," అని, నడుం వంచి మరీ నవ్వుతుంది. ఆ నవ్వు చూస్తే ఎవరికైనా నవ్వు వస్తుంది. చీటీల్లో చాలామంది ఆ నవ్వు గురించే రాశారు. సినిమాకు ప్రాణం అదేనని నాకు అర్థమైంది.

రెండోసారి తాడేపల్లిగూడెంలో మా ఇంట్లోనే చూపించాను. ఆదివారం ఆరాధన అయ్యాక మా అమ్మ స్త్రీల సమాజం వాళ్ళను పిలిచింది. టీలు, చేగోడీలు, టీవీ పక్కన ముళ్ళ మీద కూర్చున్నట్టు నేను. ఏడో నిమిషంలో అందరి మొహాలూ వికసించాయి, ఒక్కరిది తప్ప. ఆవిడ ఒక హాస్టల్లో వంట చేస్తారు. పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నేల చూపులు చూశారు. నా కాగితం మీద ఏడు అని వేసి గీత గీశాను.

చీటీల్లో అందరూ బాగుందనే రాశారు, ఆవిడతో సహా. అందరూ వెళ్ళాక బైబిలు మర్చిపోయానంటూ మళ్ళీ వచ్చారు. బైబిలు ఆవిడ చేతిలోనే ఉంది. వంటింట్లోకి వచ్చి మెల్లగా అన్నారు.

"ఏమీ అనుకోకమ్మా. ఆ గట్టు మాట తీసెయ్యి."

"ఎందుకండీ ఆంటీ?"

"మా పుట్టిల్లు లంకలోనేనమ్మా. గవర్నమెంటు కొట్టేసిన గట్టు మళ్ళీ వేసుకోవడం తప్పు కదా. ఊరంతా కలిసి వేసుకునుంటారు. వేసుకున్న రోజే పెద్దలు కట్టుబాటు పెట్టుంటారు, బయటివాళ్ళ దగ్గర ఆ మాట ఎవరూ ఎత్తకూడదని. ఎత్తినవాళ్ళను వెలేస్తారు."

"వెలేస్తే ఏమవుతుందండీ?"

"దోనె ఎక్కించుకోరు. పనికి పిలవరు. అగ్గిపుల్ల అడిగినా ఇవ్వరు. మా మేనత్తను ఆరు నెలలు వెలేశారమ్మా. పక్కిల్లే. ఆరు నెలలూ కిటికీలోంచి చూసుకోవడమే గాని పలకరించింది లేదు. ఈవిడకు ఇంట్లో ఇంకో మనిషి కూడా లేదంటున్నావు."

ఆవిడ వెళ్ళిపోయాక నేను వంటింటి గట్టు మీదే కూర్చుండిపోయాను. పిన్నికి ఊళ్ళో ఇల్లు తప్ప ఏమీ లేదు. రోజూ చెరువు మీదికి దోనెలో వెళ్ళాలి, ఎవరో ఒకరు ఎక్కించుకోవాలి. నేను ఆ మాటను మా క్లాసులో చూపించాను, మా వీధిలో చూపించాను. ఇంకో ఆరు రోజుల్లో ఆ ఊళ్ళోనే, ఆ పెద్దల ముందే చూపించాలి. మానేద్దామంటే వీల్లేదు. ఒప్పుకున్న మనిషి రాకపోతే ఏదో దాచిందనే అనుకుంటారు.

మర్నాడు ఏలూరు వెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చున్నాను. గట్టు మాటలు తీసేశాను. దానికి అయిదు నిమిషాలు పట్టలేదు. తర్వాత సాయంత్రం దాకా నవ్వు దగ్గర కూర్చున్నాను. అదీ తీసేయాలని బుద్ధి చెబుతూనే ఉంది. కాని అది లేకపోతే సినిమాలో ఏముంటుంది? మేత చల్లుతున్న దృశ్యం తెచ్చి ముందు పెట్టాను, వెంటనే నవ్వు. నవ్వులో మాట లేదు కదా, నవ్వుకు ఏ కట్టుబాటు ఉంటుంది అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అది వట్టి ఆశ. చీటీల్లో పొగిడించుకున్న రుచి.

పాత సీడీని ముక్కలు చేసి పారేశాను. కొత్త సీడీని రెండుసార్లు మొదటి నుంచి చివరి దాకా వేసి చూసుకున్నాను. అయినా శనివారం పొద్దున్న బస్సులో దాన్ని సంచీలోంచి తీసి, మీద రాసిన అక్షరాలు చూసి మళ్ళీ లోపల పెట్టుకోవడమే నా పని అయింది.

బడి గదిలో కిటికీలకు చాపలు కట్టారు. ఎవరింట్లోంచో టీవీ, సీడీ ప్లేయరు మోసుకొచ్చారు. మగవాళ్ళు ఒక వైపు, ఆడవాళ్ళు ఒక వైపు కూర్చున్నారు. పిన్ని కొత్త చీర కట్టుకుని, తలలో కనకాంబరాలు పెట్టుకుని వచ్చింది. ఆవిడకు ఈ సంగతి ముందుగా చెప్పే దారి నాకు దొరకలేదు. ఇంట్లో ఫోను లేదు, ఉత్తరం రాస్తే ఇంకొకరితో చదివించుకోవాలి. గుమ్మం దగ్గర చెవిలో చెప్పాను.

"పిన్నీ, గట్టు మాట తీసేశాను. భయపడకు."

ఆవిడ నవ్వు మొహం అలాగే ఉండిపోయింది. కళ్ళు మాత్రం మారిపోయాయి.

"నేనన్నానా పాపగారూ?"

తను అన్నట్టు ఆవిడకు గుర్తే లేదు. నాతో చనువుగా ఉన్న తొమ్మిది రోజుల్లో ఏమేం అందో, ఇంకా ఏమేం తీయకుండా ఉంచానో ఆవిడకు ఎలా తెలుస్తుంది? ఏదో అడగబోయింది. లోపలి నుంచి పిలిచారు. వెళ్ళి అందరి కంటే ముందు వరసలో, నాకు ఎదురుగా కూర్చుంది.

కరెంటు పోవాలని ప్రార్థన చేసిన సినిమావాళ్ళు నేను తప్ప ఇంకెవరూ ఉండరేమో. రోజుకు నాలుగుసార్లు పోయే కరెంటు ఆ మధ్యాహ్నం నిలబడింది. జనం బాతులను చూసి, కుక్కలను చూసి, ఫలానా వాళ్ళ గేదె అంటూ సంబరపడ్డారు. పిన్ని టీవీ చూడలేదు. నన్నే చూస్తోంది. నేను గడియారం చూస్తున్నాను. అయిదు. ఆరు. మేత చల్లే దృశ్యం వచ్చింది. తర్వాత నవ్వు వచ్చింది.

గదిలో తలలన్నీ ఒక్కసారి టీవీ మీది నుంచి ఆవిడ వైపు తిరిగాయి.

ఎందుకో నాకు అర్థం కాలేదు. మెడ తిప్పి, మాస్టారి మాట దాటి, తెర చూశాను. అప్పుడు కనిపించింది. నవ్వుతున్న ఆవిడ కాళ్ళ కింద, వెనక, దూరం దాకా ఆ గట్టు. నల్లటి పచ్చి మట్టి. మీద ఒక్క గడ్డిపోచ లేదు. ఏలూరులో గాని తాడేపల్లిగూడెంలో గాని ఎవరి కంటా పడలేదు. వాళ్ళు ఆవిడ మొహం చూశారు. ఇక్కడివాళ్ళు ఆ మట్టిని తట్టలతో మోసినవాళ్ళు. నేను మాటను తీసి సాక్ష్యాన్ని అలాగే ఉంచాను.

సినిమా అయిపోయింది. చీటీలు ఇవ్వలేదు. రాయగలిగినవాళ్ళు తక్కువ, నాకు ఇచ్చే ధైర్యం అంతకంటే తక్కువ. చాలా బాగుందండి, చాలా బాగుందండి అన్నారు. పెద్దల్లో పెద్దాయన, తెల్ల బనీను, భుజం మీద తువ్వాలు, ఆయన మాత్రం లేవలేదు.

"ఏవండీ అమ్మాయిగారూ. ఒక సందేహమండి."

"చెప్పండి బాబాయిగారూ."

"చదువుకున్నవారు, మీకు తెలియదని కాదు. ఆవిడ అంత నవ్వు నవ్విందే, దేనికి నవ్విందండి? ముందు మేత చల్లుతోంది. మేత చల్లుతూ ఎవరూ నవ్వరు కదండీ."

గొంతు ఎంత మెత్తగా ఉందంటే, అరిచినా నాకు అంత భయం వేసేది కాదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే రకం నేను. కాని ఆ రోజు భుజాలు తడుముకుంటే పోయేది నా భుజం కాదు. నోరు విప్పకూడదన్న నియమం మరిచిపోయి మొదట దొరికిన అబద్ధం ఆడేశాను.

"నేను జారి పడ్డానండి. గట్టు మీది నుంచి. అందుకని నవ్వారు."

"పడ్డారా," అన్నారు. తల మెల్లగా పిన్ని వైపు తిప్పారు. "పడ్డారామ్మా?"

"పడ్డారండి," అంది పిన్ని. "మోకాలి లోతు బురదలోనండి."

వెనక ఎవరో ఆడపిల్ల కిసుక్కున నవ్వింది. పెద్దాయన నవ్వలేదు.

"అయితే అది కూడా పెట్టాలి కదండీ. నవ్వుకి కారణం కనపడకపోతే చూసేవాళ్ళు ఇంకేదో అనుకుంటారు."

"అప్పుడు కెమెరా నా చేతిలోనే ఉందండి. నేను పడ్డది రాలేదు."

"ఇప్పుడు తియ్యండి. కెమెరా తెచ్చుకున్నారుగా."

నా చదువు మొత్తంలో అంత సరైన సలహా ఇంకెవరూ ఇవ్వలేదు. కారణం లేని నవ్వు అతకదు. నేను చూసుకోనిది ఆయన ఒక్కసారి చూసి పట్టుకున్నారు. ఆ మెప్పు మనసులోనే ఉండిపోయింది, ఎందుకంటే ఆయన అప్పటికే లేచి నడుస్తున్నారు. ఊళ్ళో సగం మంది మా వెనకే వచ్చారు.

కొత్త గట్టు పక్క నుంచే వెళ్ళాం. ఆయన దాని వైపు తల కూడా తిప్పలేదు. ఇంకా ముందుకు వెళ్ళి, ఎప్పటిదో పాత గట్టు దగ్గర ఆగారు. మోకాళ్ళ దాకా తుంగ పెరిగి ఉంది.

"ఇక్కడ పడండి అమ్మాయిగారూ. ఇక్కడ గడ్డి ఉంది."

అంతా తెలిసే అడిగారని అప్పుడు అర్థమైంది. మమ్మల్ని పట్టుకోవడానికి తెచ్చారో, కాపాడడానికి తెచ్చారో మాత్రం అర్థం కాలేదు. రెండూ ఒకటేనేమో.

కెమెరాను స్టాండు మీద పెట్టి, బటను నొక్కి, వచ్చి గట్టు అంచున నడిచి పడ్డాను. అడుసు తొక్కనేల కాలు కడగనేల అంటారు. నేను అడుసులో నిలువునా దొర్లాను. మోచెయ్యి గీసుకుపోయింది. జనం నిజంగానే పగలబడి నవ్వారు. పిన్ని నవ్వలేదు.

"ఇప్పుడు నువ్వు నవ్వమ్మా," అన్నారాయన. నాతో, "ఆ పాత నవ్వు తీసేసి ఇది పెట్టుకోండి," అన్నారు.

ఎవరో తట్ట తెచ్చి ఇచ్చారు. ఆవిడ చంకన పెట్టుకుని తుంగలో నిలబడింది. నేను బురద చేతులతో కెమెరా వెనకకు వెళ్ళాను. ఆవిడ నోరు తెరిచింది. చప్పుడు రాలేదు. రెండోసారి దగ్గు వచ్చింది. ఊరంతా చుట్టూ నిలబడి చూస్తోంది. ఎవరూ తొందరపెట్టలేదు, ఎవరూ కసిరింది లేదు. "పరవాలేదమ్మా, నిదానంగా," అన్నారు పెద్దాయన. మూడోసారి నవ్వింది. నడుం వంచి, కళ్ళు మూసుకుని, గట్టిగా. తట్ట అంచు పట్టుకున్న చేతులు ఆ నవ్వు ఆగాక కూడా వణుకుతూనే ఉన్నాయి.

"చాలాండి?" అని ఆయన నన్ను అడిగారు.

"చాలండి," అన్నాను.

రేవు దాకా ఆవిడ నాతో వచ్చింది. దోనెవాడు గెడ తీస్తున్నాడు.

"వెలి గిలి ఏమీ లేదులెండి. పనిలోకి రమ్మన్నారు," అంది.

"నన్ను క్షమించు పిన్నీ."

"మీ తప్పేముందండి, అన్నది నేనే కదా. మీరు మంచిగా అడుగుతారు పాపగారూ. మంచిగా అడిగితే మనిషి అన్నీ చెప్పేస్తుంది." దోనెవాడికి వినపడకుండా గొంతు తగ్గించింది. "ఇంక మా ఊరు రాకండి. వచ్చినా నన్ను పలకరించకండి."

కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే నాకు బాగుండేది. నేను వెళ్ళలేదు. వెళ్తే ఆవిడకు ఏమవుతుందోనన్న భయం ఒకటి, ఆవిడ మొహం చూడలేని పిరికితనం ఒకటి.

నవ్వు మార్చాను, పడ్డది చేర్చాను. పచ్చి మట్టి ఎక్కడైనా మిగిలిందేమోనని కూర్పు మొత్తం ఒక్కొక్క దృశ్యం ఆపి వెతికాను. రెండు చోట్ల దొరికింది, తీసేశాను. సినిమా పందొమ్మిది నిమిషాలకు దిగింది. కాలేజీలో ఆఖరి ప్రదర్శన రోజు నన్నెవరూ అడగకపోయినా తెర పక్కన, జనం వైపు తిరిగి కూర్చున్నాను. నేను పడితే నవ్వారు. ఆవిడ నవ్వితే ఇంకా నవ్వారు. ఎవరూ కదల్లేదు, ఎవరూ గడియారం చూసుకోలేదు. మాస్టారు భుజం తట్టి, "ఇప్పుడు కుదిరింది," అన్నారు.

చీటీలు సాయంత్రం రైల్లో చదువుకున్నాను. ఒకదాంట్లో, "మొదటి కూర్పులో కంటే ఇప్పుడు ఆ నవ్వు చాలా సహజంగా ఉంది," అని ఉంది. ఒక్కరైనా ఆవిడ చేతులు చూశారేమోనని అన్నీ రెండోసారి చదివాను. ఎవరూ చూడలేదు. ఎవరూ చూడకపోవడమే ఆవిడకు రక్ష అని తెలుసు. తెలిసి కూడా ఏలూరు నుంచి గూడెం దాకా కిటికీ వైపు తిరిగి ఏడుస్తూనే ఉన్నాను.